బడికి పెద్దదిక్కు కావాలంటే...

పిల్లలకు పాఠం చెప్పడానికి ఓ చదువుంది. దాన్ని బి.ఎడ్. అంటారని అందరికీ తెలుసు. మరి పాఠం చెప్పేవాళ్లకు దారి చూపాలంటే? పాఠ్య ప్రణాళిక ఎలా ఉండాలో నిర్ణయించాలంటే? దానికీ ఓ చదువుంది. కాకపోతే దాన్ని ఎక్కడ చదవాలో, చదివితే ఏమొస్తుందో చెప్పేవాళ్లే తక్కువ. కాకుమాను లాంటి మండలంలో కూర్చుని ఆ కాలేజీని ఎంచుకోవడం ఎలాగో చూద్దాం.

'రేపు ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారు!'

ఈ మాట వినని తరం తెలుగునాట దాదాపు లేదు. ఆ ముందురోజు బడిలో పండగ వాతావరణం. పిల్లలంతా కలిసి గదులు ఊడవాల్సిందే. గుమ్మానికి మామిడాకుల తోరణం. ఎప్పుడూ తాళం వేసి ఉండే బీరువాలోంచి గ్లోబూ, పటాలూ బయటికొచ్చేవి. 'రేపు ఉతికిన చొక్కాలేసుకు రండ్రా' అని మాస్టారి హుకుం. బాగా చదివేవాడు ముందు బెంచీకి, అల్లరివాడు వెనక్కి. ఇంకొందరు మాస్టార్లయితే రేపు చెప్పబోయే పాఠాన్ని ఇవాళే ఓసారి చెప్పేసి, ఎవరు ఏ ప్రశ్నకు చెయ్యెత్తాలో కూడా ఖాయం చేసేవారు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, రిజిస్టర్లు చూసి, రెండు ప్రశ్నలడిగి, కాఫీ తాగి వెళ్లిపోతే... అమ్మయ్య! మళ్లీ ఏడాది దాకా ఫర్వాలేదు. గ్లోబు మళ్లీ బీరువాలోకి.

నవ్వొచ్చే సంగతే కానీ, ఇందులో నష్టపోయింది ఎవరు? ఆ వెనక బెంచీకి వెళ్లిన పిల్లాడు. వాడికి చదవడం ఎందుకు రావట్లేదో కనిపెట్టి, మాస్టారితో కూర్చుని దారి వెతకాల్సిన మనిషి ఆ రోజు వచ్చాడు, వెళ్లాడు. వాణ్ని మాత్రం చూడలేదు. పర్యవేక్షణ అంటే తనిఖీ ఒక్కటే కాదన్న ఎరుక అక్కణ్నుంచే మొదలవుతుంది.

ఓ దొర అడిగిన ప్రశ్న

అందరూ రిజిస్టర్లు చూసి వెళ్లిపోలేదు. 1907 ప్రాంతంలో జె.ఎ.యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తరగతిలో కూర్చుని తెలుగు పాఠం విన్నాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలోని తెలుగు మరొకటి. ఎందుకీ తేడా? విశాఖపట్నంలోని మిసెస్ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి.శ్రీనివాస అయ్యంగార్‌ను అడిగాడు. దానికి జవాబు చెప్పగలవాళ్లు గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు అని ఆయన చెప్పాడు. వ్యావహారిక భాషోద్యమానికి అలా ఊపొచ్చింది. ఇవాళ మనం పేపర్లో చదువుకునే తెలుగు వెనక, బడి తనిఖీకి వచ్చి పాఠం శ్రద్ధగా విన్న ఒక ఇన్‌స్పెక్టరు ప్రశ్న కూడా ఉంది!

మన దేశంలో ప్రజావిద్యా శాఖలకూ, ఇన్‌స్పెక్టర్లకూ దారి వేసింది 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్. స్వాతంత్ర్యం వచ్చాక 1964-66లో పనిచేసిన కొఠారి కమిషన్, కార్యాలయ పరిపాలన వేరు, విద్యా పర్యవేక్షణ వేరు అని విడదీసి చెప్పింది. చుట్టుపక్కల బడులన్నీ ఒక గుంపుగా ఏర్పడి ఒకదానికొకటి సాయపడాలనే 'స్కూల్ కాంప్లెక్స్' ఆలోచన కూడా ఆ కమిషన్‌దే. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో మండలాలు ఏర్పడ్డాక మండల విద్యాధికారులు వచ్చారు. 1980ల మధ్యలో బ్రిటిష్ సాయంతో మొదలైన ప్రాథమిక విద్యా పథకం 'అపెప్' ఉపాధ్యాయ కేంద్రాలను తెచ్చింది. టీచర్లు నెలకోసారి కలిసి పాఠాల గురించి మాట్లాడుకోవడం అలవాటైంది అక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మండలానికి రెండో ఎంఈవో పోస్టూ వచ్చింది.

అంటే కుర్చీలు పెరిగాయి. మరి వాటిలో కూర్చునేవాళ్లకు ఆ పనిలో శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?

కాకుమాను నుంచి చూస్తే...

గుంటూరు జిల్లా కాకుమాను. తెనాలి రెవెన్యూ డివిజన్‌లో ఉన్న మండల కేంద్రం. ఒకపక్క పొన్నూరు, మరోపక్క పెదనందిపాడు, కిందికెళ్తే బాపట్ల. 2022లో జిల్లాల విభజన జరిగినప్పుడు బాపట్ల కొత్త జిల్లా అయింది, కాకుమాను మాత్రం గుంటూరులోనే ఉండిపోయింది. నల్లరేగడి, వరి, ఆపైన మినుము, జొన్న... ఇదీ ఇక్కడి బతుకు. కొమ్మూరు, రేటూరు, కొండపాటూరు లాంటి ఊళ్లలో బడి అంటే ఇద్దరు ముగ్గురు టీచర్లు, వాళ్ల మీద ఓ హెడ్మాస్టరు.

ఇక్కడో టీచరమ్మను ఊహించుకోండి. డిగ్రీ, బి.ఎడ్. అయ్యాయి. పదేళ్ల సర్వీసు. క్లస్టర్ సమావేశాల్లో మిగతా టీచర్లు ఆమె చెప్పేది చెవిపెట్టి వింటారు. 'నువ్వు ఎం.ఎడ్. చెయ్యమ్మా, పైకెళ్తావు' అని హెడ్మాస్టరు అంటారు. ఇంట్లో లెక్కలు వేరు. 'రెండేళ్లు సెలవు పెడితే జీతం సంగతేంటి?' అంటాడు భర్త. 'పిల్లాడు పదో తరగతికొస్తున్నాడు, ఇప్పుడా నీ చదువు?' అంటుంది అత్తగారు. ఇంతలో ఎవరో చెబుతారు... 'కాలేజీకి వెళ్లక్కర్లేదు మేడమ్. డబ్బు కట్టేయండి, పరీక్షలకొస్తే చాలు. మిగతాదంతా వాళ్లే చూసుకుంటారు.'

అసలు చిక్కంతా ఆ ఆఖరి మాటలోనే ఉంది. అక్కడికి తర్వాత వద్దాం. ముందు ఈ చదువు ఏమిటో చూడాలి.

పేరొకటి, చదువొకటి

విదేశాల్లో 'కరిక్యులమ్ అండ్ సూపర్‌విజన్' పేరుతో నేరుగా డిగ్రీలుంటాయి. మన దగ్గర ఆ పేరుతో డిగ్రీ వెతికితే దొరకడం కష్టం. ఆ విషయాలన్నీ నాలుగైదు వేర్వేరు కోర్సుల్లో సర్దుకుని ఉంటాయి.

మొదటిది ఎం.ఎడ్. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనల ప్రకారం ఇది రెండేళ్ల కోర్సయింది. అంతకుముందు ఏడాదే. బి.ఎడ్.లో, లేదా డిగ్రీతోపాటు డి.ఎల్.ఎడ్.లో కనీసం 50 శాతం మార్కులుండాలి. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. ఇందులో ప్రాథమిక విద్య లేదా మాధ్యమిక విద్యను ప్రత్యేకాంశంగా ఎంచుకుంటారు. పాఠ్య ప్రణాళిక-బోధన-మూల్యాంకనం, విద్యా యాజమాన్యం-పరిపాలన, విధానం-ప్రణాళికా రచన లాంటివి దాని కిందికొచ్చే అంశాలు. పర్యవేక్షణ కావాలనుకునేవాళ్లు చూడాల్సింది వీటినే.

రెండోది ఎం.ఏ. ఎడ్యుకేషన్. దీనికి బి.ఎడ్. తప్పనిసరి కాదు. ఆలోచనా పరిధి విశాలం. కానీ ఎం.ఏ. ఎడ్యుకేషన్, ఎం.ఎడ్. ఒకటి కావు. కొన్ని నోటిఫికేషన్లు రెండింటినీ ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఏ ఉద్యోగం కోసం చదువుతున్నామో దాని నోటిఫికేషన్ ముందు చదివాకే చేరాలి.

మూడోది డిప్లొమాలు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) రూపొందించిన విద్యా యాజమాన్యం-పరిపాలన పీజీ డిప్లొమా, పాఠశాల నాయకత్వం-యాజమాన్యం పీజీ డిప్లొమా ఈ కోవలోవే. ఉద్యోగం మానక్కర్లేదు. ఇగ్నో ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉంది.

ఆ రెండేళ్లూ ఏం నేర్పుతారు?

బాగా చెప్పే కాలేజీలో అయితే మొదట నేర్పేది అడగడం. పాఠ్య ప్రణాళిక గురించి అమెరికా విద్యావేత్త రాల్ఫ్ టైలర్ 1949లో వేసిన నాలుగు ప్రశ్నలను ఇప్పటికీ తరగతుల్లో చెబుతారు. బడి ఏం సాధించాలి? అందుకు పిల్లలకు ఎలాంటి అనుభవాలివ్వాలి? వాటిని ఏ వరుసలో అమర్చాలి? సాధించామో లేదో ఎలా తెలుసుకోవాలి? వినడానికి చాలా మామూలు ప్రశ్నలు. కానీ మన బడిలో 'సిలబస్ అయిందా?' అనే ఒక్క ప్రశ్నే వినిపిస్తుంటుంది, మిగతావి ఎవరూ అడగరు.

రెండోది చూడటం. 1950ల చివర్లో హార్వర్డ్‌లో మోరిస్ కోగన్, ఆయన సహచరులు 'క్లినికల్ సూపర్‌విజన్' అనే పద్ధతిని తయారుచేశారు. వైద్యానికీ దీనికీ పేరు పోలికే. పర్యవేక్షకుడు తరగతికి వెళ్లేముందే టీచరుతో కూర్చుంటాడు. 'ఇవాళ ఏం చెబుతున్నారు? నన్ను ఏం గమనించమంటారు?' అని అడుగుతాడు. తరగతిలో వెనక కూర్చుని, తీర్పులు రాయకుండా, జరిగింది జరిగినట్టు రాసుకుంటాడు. టీచరు ఎన్ని ప్రశ్నలడిగారు, ఎవరిని అడిగారు, జవాబు కోసం ఎంతసేపు ఆగారు... ఇవన్నీ. తర్వాత ఇద్దరూ ఆ కాగితం ముందు పెట్టుకుని మాట్లాడుకుంటారు. 'మీరు సరిగా చెప్పలేదు' అనక్కర్లేదు. 'ఇరవై ప్రశ్నల్లో పద్దెనిమిది ముందు బెంచీకే వెళ్లాయి' అని చూపిస్తే చాలు. మిగతాది టీచరుకే అర్థమైపోతుంది.

మామిడాకుల తోరణం రోజుకీ దీనికీ ఉన్న తేడా అదే. అక్కడ వెనక బెంచీ పిల్లాడిని దాచేశారు. ఇక్కడ వాడిమీదే లెక్క.

మూడోది రాయడం. ఎం.ఎడ్.లో పరిశోధన వ్యాసం తప్పనిసరి. 'మా మండలంలో మూడో తరగతి పిల్లలు తీసివేతలు ఎక్కడ తప్పుతున్నారు?' లాంటి చిన్న ప్రశ్న తీసుకుని, పది బడులు తిరిగి, లెక్క తీసి, రాసిన టీచరు రేపు ఎంఈవో అయినా, హెడ్మాస్టరయినా ఆ చూపు పోదు. అదే వ్యాసాన్ని జిరాక్స్ షాపులో కొని సమర్పిస్తే పోయేది ఆ రెండేళ్లే.

దగ్గర, కొంచెం దూరం, బాగా దూరం

కాకుమాను టీచరమ్మ చూపు సహజంగా ముందు గుంటూరు మీదికి పోతుంది. గుంటూరు-విజయవాడ దారిలో నాగార్జున నగర్‌లో ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. అక్కడ విద్యా విభాగం ఉంది. గుంటూరులో ఏఎల్ కాలేజ్ ఆఫ్ ఎడ్యుకేషన్, సెయింట్ జోసెఫ్స్ మహిళా కాలేజ్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఉపాధ్యాయ శిక్షణలో పాతపేర్లు. ఏ కాలేజీలో ఎం.ఎడ్. సీట్లున్నాయో ఆ ఏడాది కౌన్సెలింగ్ జాబితాలో చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో పీజీ కోర్సులకు 2021 నుంచి ఉమ్మడి ప్రవేశ పరీక్ష (ఏపీ పీజీసెట్) వచ్చింది. అంతకుముందు ఏ విశ్వవిద్యాలయం పరీక్ష దానిదే.

దగ్గర కాలేజీకున్న లాభం ఇల్లు. నష్టమూ ఇల్లే! పొద్దున్నే వంట చేసి, బస్సెక్కి, గుంటూరులో దిగి, మరో బస్సు పట్టుకుని, సాయంత్రం అదే దారిలో తిరిగొచ్చి చదవడం అనుకున్నంత తేలిక కాదు. వారంలో కొన్ని రోజులైనా అక్కడే ఉండే ఏర్పాటు ఉందా అని ముందే చూసుకోవాలి.

కొంచెం దూరం వెళ్లగలిగితే విశాఖలో 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి జంకే కుటుంబాలకు ఈ రెండోది ధైర్యాన్నిస్తుంది. సంస్కృతం టీచర్లకు తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో 'శిక్షాచార్య' ఉంది. ఎం.ఎడ్.తో సమానమైనది అది. హైదరాబాద్‌లో ఉస్మానియా విద్యా విభాగానికీ పెద్దపేరే, కాకపోతే తెలంగాణ ప్రవేశ నిబంధనలు వేరు.

ఇంకా దూరమైతే మైసూరు. 1963లో ప్రారంభమైన అక్కడి ప్రాంతీయ విద్యా సంస్థ (ఆర్ఐఈ) ఎన్‌సీఈఆర్టీది. దక్షిణాది రాష్ట్రాల కోసమే పెట్టింది. ప్రాంగణంలోనే బడి ఉంది. పాఠ్యపుస్తకాలు, ప్రణాళికలు తయారుచేసే సంస్థ ఆవరణలో చదవడం అనేది పాఠ్య ప్రణాళిక మీద ఆసక్తి ఉన్నవాళ్లకు పెద్ద లాభం. దాని ప్రవేశ పరీక్ష వేరు. బెంగళూరులో 2010లో ఏర్పడిన అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఎం.ఏ. ఎడ్యుకేషన్‌కు పేరు తెచ్చుకుంది. ఆర్థిక స్తోమతను బట్టి ఫీజులో సాయం అందించే పద్ధతి ఉంది కాబట్టి ప్రైవేటు పేరు చూసి భయపడి వదిలేయనక్కర్లేదు.

ఇక పర్యవేక్షణకు తలమానికం లాంటిది ఢిల్లీలో ఉంది. 1962లో యునెస్కో కేంద్రంగా మొదలైన జాతీయ విద్యా ప్రణాళిక-పరిపాలన సంస్థ (నీపా) అది. 2006లో డీమ్డ్ విశ్వవిద్యాలయం అయింది. సర్వీసులో ఉన్న విద్యాధికారులకు ప్రత్యేకంగా డిప్లొమా నడుపుతూ వచ్చింది. అక్కడే 2012లో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఏర్పడింది. ఆ కేంద్రం ఆన్‌లైన్‌లో హెడ్మాస్టర్ల కోసం కోర్సు కూడా పెట్టింది. డబ్బు, సెలవు పెట్టేముందు అసలు ఈ చదువు మనకు పడుతుందా అని తేల్చుకోవడానికి అలాంటిదొకటి చేసి చూడటం తెలివైన పని.

ఒకే రోజు, రెండు సంతకాలు

ఇప్పుడు ఆ 'కాలేజీకి వెళ్లక్కర్లేదు' సంగతికొద్దాం.

ఎన్‌సీటీఈ నిబంధనల్లో ఎం.ఎడ్.కు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, వారానికి కనీసం 36 గంటలు. విద్యార్థికి తరగతుల్లో 80 శాతం, క్షేత్ర పనిలో 90 శాతం హాజరు ఉండి తీరాలి. ఇది రెగ్యులర్ కోర్సు. మరి బడిలో ఉద్యోగం చేస్తూ జీతం తీసుకుంటున్న టీచరు ఇక్కడ 80 శాతం హాజరెలా చూపిస్తుంది? అంటే ఒకే రోజు, ఒకే సమయంలో రెండు రిజిస్టర్లలో సంతకం ఉన్నట్టు! దానికి ఒక్కటే అర్థం. రెండిట్లో ఒకటి అబద్ధం.

'అందరూ చేస్తున్నారు' అనేది జవాబు కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2022లో ముఖ గుర్తింపు హాజరు వచ్చింది. ఎప్పుడు ఎక్కడున్నదీ ఫోనులోనే రికార్డవుతుంది. పదోన్నతి సమయంలో సర్టిఫికెట్ల పరిశీలనలో ఎవరో ఒకరు ఆ రెండు తేదీలూ పక్కపక్కన పెడితే, డిగ్రీ మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగానికే ఎసరు. కాబట్టి శాఖ అనుమతి, సెలవు మంజూరు కాగితాలు చేతికొచ్చాకే రెగ్యులర్ కోర్సులో చేరాలి. అవి రాకపోతే ఇగ్నో లాంటి దూరవిద్య డిప్లొమాలున్నాయి. వాటిలో దొంగ సంతకాల బాధ లేదు.

ఇంకో మాట. బడిలో దొంగ హాజరు పట్టుకోవడం రేపు ఆ టీచరమ్మ పనిలో భాగం. తను అలాగే డిగ్రీ తెచ్చుకుని ఉంటే, ఏ ముఖంతో అడుగుతుంది?

కాలేజీకెళ్లి చూడాల్సినవి

పెళ్లి సంబంధానికి వెళ్లినప్పుడు ఇల్లూ వాకిలీ, మనుషులూ చూసొస్తాం కదా. కాలేజీకీ అంతే. బ్రోచరు చూసి ఫీజు కట్టేయొద్దు.

గుర్తింపు: ఎన్‌సీటీఈ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న సంస్థల జాబితా ఉంటుంది. కాలేజీ పేరు, ఎం.ఎడ్. కోర్సు, సీట్ల సంఖ్య మూడూ సరిపోవాలి. బి.ఎడ్.కు గుర్తింపు ఉన్నంతమాత్రాన ఎం.ఎడ్.కు ఉన్నట్టు కాదు. 'నిరుడు ఉంది కదా' అనుకోవద్దు. వార్షిక నివేదికలు సమర్పించలేదన్న కారణంతో 2025లో ఎన్‌సీటీఈ చాలా సంస్థల గుర్తింపు రద్దు చేసింది.

అనుబంధం: ఏ విశ్వవిద్యాలయం డిగ్రీ ఇస్తుందో ఆ విశ్వవిద్యాలయం జాబితాలోనూ పేరుండాలి.

అధ్యాపకులు: 50 సీట్ల ఎం.ఎడ్.కు రెండేళ్లూ కలిపి పదిమంది అధ్యాపకులుండాలన్నది 2014 నిబంధన. ఇద్దరు ప్రొఫెసర్లు, ఇద్దరు అసోసియేట్ ప్రొఫెసర్లు, ఆరుగురు అసిస్టెంట్ ప్రొఫెసర్లు. గోడమీద పేర్లు కాదు, మనుషులు కనిపిస్తున్నారా? మంగళవారం మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లి చూడండి. తరగతి జరుగుతుంటే మంచిది. గదికి తాళం ఉంటే వెనక్కి తిరిగి రండి.

గ్రంథాలయం: పుస్తకాలెన్ని ఉన్నాయని కాదు, ఎవరైనా తీసుకెళ్తున్నారా అని అడగండి. పాత ఎం.ఎడ్. పరిశోధన వ్యాసాలు చూపించమనండి. నాలుగు తిరగేస్తే చాలు, ఎవరైనా నిజంగా బడులకెళ్లి రాశారా, ఒకే వ్యాసం పేరు మార్చుకుంటూ తిరుగుతోందా అన్నది తెలిసిపోతుంది.

బడులతో సంబంధం: పర్యవేక్షణ నేర్చుకోవాలంటే బడి కావాలి. చుట్టుపక్కల ఏ బడులకు పంపుతారు? డైట్‌లకు పంపుతారా? పాత గుంటూరు జిల్లా డైట్ బోయపాలెంలో ఉంది. జిల్లాల విభజనతో అది పల్నాడు వైపు వెళ్లింది. అక్కడ శిక్షణ ఎలా సాగుతుందో కళ్లారా చూడటం కూడా చదువులో భాగమే.

ఫీజు: కౌన్సెలింగ్‌లో చూపిన ఫీజు ఎంత, దానిపైన రికార్డులు, ప్రాక్టికల్స్, పరీక్షల పేరుతో అడిగేది ఎంత? రాసి ఇమ్మనండి. రసీదు లేని ప్రతి రూపాయీ రేపటి తలనొప్పే.

పాత విద్యార్థులు: ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. 'పాసయ్యారా?' అని కాదు, 'మీరు రాసిన వ్యాసం దేనిమీద?' అని అడగండి. ఠక్కున చెబితే అది చదువు చెప్పిన కాలేజీ.

కోర్సు నిడివి విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ ప్రకటించిన ముసాయిదా నిబంధనల్లో ఏడాది ఎం.ఎడ్. ప్రతిపాదన ఉంది. చేరే సంవత్సరానికి ఏ నిబంధన వర్తిస్తుందో విశ్వవిద్యాలయాన్నే అడిగి తెలుసుకోవాలి. రెండేళ్ల సెలవు లెక్క, ఏడాది సెలవు లెక్క ఒకటి కావు కదా.

చదివితే ఆఫీసరవుతామా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. పర్యవేక్షణ చదివితే పర్యవేక్షణ ఉద్యోగం దానంతటదే రాదు.

ఏపీపీఎస్సీ 2023 డిసెంబరులో 38 ఉప విద్యాధికారి పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అడిగిన అర్హత సబ్జెక్టులో పీజీ, దానితోపాటు బి.ఎడ్. ఎం.ఎడ్. తప్పనిసరి కాదు! కాబట్టి డిగ్రీ, బి.ఎడ్. ఉన్న కాకుమాను టీచరమ్మ ఆ పోస్టునే గురిపెట్టుకుంటే ముందు చెయ్యాల్సింది సబ్జెక్టు పీజీ. సర్వీసులోంచి గెజిటెడ్ హెడ్మాస్టరు కావాలంటే సీనియారిటీతోపాటు శాఖాపరమైన పరీక్షలు పాసవ్వాలి. దానికితోడు 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఎనిమిదో తరగతి వరకూ బోధించే సర్వీసు టీచర్లకూ, వాళ్ల పదోన్నతులకూ టెట్‌ను ముడిపెట్టింది. టెట్ లేకుండా ఎం.ఎడ్. కోసం పరుగెత్తడం అంటే, ఇంటికి పునాది లేకుండా మేడ కట్టడమే.

మరి ఎం.ఎడ్. దేనికి? డైట్‌లలో, బి.ఎడ్. కాలేజీల్లో అధ్యాపకులు కావడానికి. అక్కడ పీజీ, ఎం.ఎడ్. రెండూ చూస్తారు. ఎం.ఎడ్. స్థాయిలో పాఠం చెప్పాలంటే పైన నెట్ లేదా పీహెచ్‌డీ. పాఠ్యపుస్తకాల తయారీ బృందాల్లో పనిచేయడానికీ, ప్రైవేటు బడుల్లో విద్యా సమన్వయకర్తలుగా వెళ్లడానికీ, స్వచ్ఛంద సంస్థల్లో చేరడానికీ ఈ చదువు పనికొస్తుంది. ఏ తలుపు తట్టాలనుకుంటున్నారో ముందు తేల్చుకుంటే, ఏ కాలేజీ అన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

అక్కడ ఎలా?

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో బడి 'సూపర్‌వైజర్' కావాలంటే మాస్టర్స్ డిగ్రీ, మూడేళ్ల బోధనానుభవంతోపాటు పర్యవేక్షణ, పాఠ్య ప్రణాళికల్లో 12 క్రెడిట్ల చదువు చూపించాలి. అంటే అక్కడ ఆ కుర్చీకి ఆ చదువు షరతు. ఇంగ్లండ్‌లో 1992లో ఏర్పడిన ఆఫ్‌స్టెడ్ బడులకు 'అద్భుతం', 'బాగుంది' అంటూ ఒక్క మాటలో గ్రేడులిచ్చేది. ఆ ఒక్క మాట హెడ్మాస్టర్ల మీద మోయలేని ఒత్తిడి తెస్తోందన్న విమర్శ పెరిగి, ప్రభుత్వ బడులకు ఆ పద్ధతిని 2024 సెప్టెంబరులో ఆపేశారు. ఫిన్లండ్ అయితే 1990ల మొదట్లోనే బడుల తనిఖీని ఎత్తేసి, టీచర్ల చదువు మీద భారం పెట్టింది. మూడు దేశాలు, మూడు దారులు. మూడింటిదీ ఒకే ప్రశ్న... బయటి మనిషి బడికొస్తే టీచరుకు భయం పెరగాలా, బలం పెరగాలా?

లెక్క ఇలా వేసుకుంటే...

మళ్లీ కాకుమాను ఇంటికొద్దాం. టీచరమ్మ ముందు ఇప్పుడు మూడు దారులున్నాయి.

ఉప విద్యాధికారి పోస్టే గురి అయితే ఎం.ఎడ్.ను పక్కన పెట్టి, దూరవిద్యలో సబ్జెక్టు పీజీ పూర్తిచేసి, టెట్, శాఖా పరీక్షలు కానిచ్చి, పోటీ పరీక్షకు తయారవ్వాలి. టీచర్లకు పాఠం చెప్పే టీచరు కావాలనుకుంటే అనుమతి, సెలవు తీసుకుని, నాగార్జున విశ్వవిద్యాలయమో, మైసూరో... రెండేళ్లు నిజంగా కూర్చుని చదవాలి. అప్పుడు పిల్లాడి పదో తరగతి అయ్యేదాకా ఓ ఏడాది ఆగినా నష్టం లేదు. ఎక్కడికీ వెళ్లకుండా ఉన్న బడినే బాగుచేయాలనుకుంటే ఇగ్నో డిప్లొమా, నీపా ఆన్‌లైన్ కోర్సు చాలు. ఖర్చు తక్కువ, నేర్చుకున్నది మర్నాడే తరగతిలో పెట్టి చూడొచ్చు.

నాలుగో దారి కూడా ఉంది. డబ్బు కట్టి కాగితం తెచ్చుకోవడం. దాంతో గోడకు ఫ్రేము ఒకటి పెరుగుతుంది. కొండపాటూరు బడిలోనో, రేటూరు బడిలోనో వెనక బెంచీలో కూర్చున్న పిల్లాడికి మాత్రం ఏమీ మారదు. వాడు ఇంకా ఎదురుచూస్తూనే ఉంటాడు, తన పక్కన కూర్చుని 'ఈ లెక్క ఎక్కడ తప్పింది, చూద్దాం రా' అనే మనిషి కోసం.

కాలేజీని ఎంచుకునేటప్పుడు వాణ్నీ ఓసారి తలుచుకుంటే, చాలా బ్రోచర్లు వాటంతటవే పక్కకు పోతాయి.